ఈ నంబరు ఎవరి జేబులో ఉంటుంది?

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసులో కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కీచు కీచుమని మొదలెట్టింది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నా వేళ్ళు నన్నడక్కుండానే కీబోర్డు మీదకి పోయి, చేస్తున్న పనిని సేవ్ చేసేస్తాయి. పక్క సీటులో కూర్చునే శ్రావణి నవ్వింది. "అక్కా, ఇప్పుడదంతా దానికదే సేవ్ అయిపోద్ది. ఏ కాలంలో ఉన్నావు నువ్వు?" అంది. ఏ కాలంలో ఉన్నానో ఆ పిల్లకేం తెలుసు! ఆ కీచు వెనకాల నాకో గొంతు వినబడుతుంది. "సేవ్ చెయ్యండర్రా! చూస్తారేం, సేవ్ చెయ్యండి! చేసిందంతా గంగపాలైపోతుంది!" ఆ గొంతు వెనకాలే ఉల్లిపాయల వాసన కూడా వస్తుంది. గాజువాక ఆఫీసులో ఉల్లిపాయలు ఎక్కడివి? అయినా వస్తుంది.

ఆ గొంతు విమలా మేడమ్‌ది. విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు మేడ మీద ఆవిడ కంప్యూటర్ సెంటరు ఉండేది. అంతకుముందు చాలా ఏళ్ళు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారట. టైపు నేర్చుకునేవాళ్ళు కరువైపోయాక నాలుగు కంప్యూటర్లు తెచ్చి పెట్టుకున్నారు గానీ, పాత టైపు మిషన్లని మాత్రం అమ్మలేదు. గోడ వారగా గుడ్డలు కప్పి అలాగే ఉంచారు. "వీటిని తీసేస్తే ఇంకో నలుగురు పడతారు కదా మేడమ్" అని ఎవరైనా అంటే, "ఇన్నాళ్ళూ నాకు అన్నం పెట్టినవాళ్ళు. వీధిలోకి గెంటమంటావా?" అనేవారు. గంజి పెట్టిన నేత చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, కత్తిలాంటి నోరు. కత్తి అంటే ఎవర్నో పొడిచేది కాదు, వంటింటి కత్తిపీటన్న మాట. జాగ్రత్తగా ఉంటే రోజూ పనికొస్తుంది.

ఆవిడ దగ్గర కంప్యూటరు నేర్చుకోవడమంటే ఆన్‌లైన్లో ఉద్యోగం వెతుక్కోవడం నేర్చుకోవడమే. అంతకుమించి ఏదీ నేర్పేవారు కాదు. మెయిలు తెరవడం, ఉద్యోగాల సైటులో మన వివరాలు పెట్టడం, దరఖాస్తు పంపడం, మోసపు ప్రకటన ఏదో మంచిది ఏదో పోల్చుకోవడం. "ముందు డబ్బు కట్టమన్నాడా, ఆ కిటికీ మూసేసి మంచినీళ్ళు తాగి రా" అనేవారు. నాకు అప్పుడే డిగ్రీ అయింది. కాలేజీలో కంప్యూటర్ని దూరం నుంచి చూశాను తప్ప ముట్టుకున్నది లేదు. మాది ఫిషింగ్ హార్బర్ పక్క పేట. నాన్నా మావయ్యా కలిసి కొనుక్కున్న బోటుని నడిపే సరంగు నాన్నే. అమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. "దీపావళి దాకా సూద్దాం. ఉద్యోగం దొరికితే దొరికినట్టు. లేపోతే మీ అమ్మ ఎనకాల ఎండుసేపల పనికి ఎల్లిపోవాల" అన్నాడు నాన్న. ఆ పని తక్కువదని కాదు. ఆ ఎండలో అమ్మ అరికాళ్ళు ఎలా పగిలాయో రోజూ చూస్తున్నదాన్ని. నాకు ఫ్యాను కింద కుర్చీ కావాలి. అంత చిన్న ఆశే అది. కానీ అప్పట్లో నాకున్నది అదొక్కటే.

మొదటిరోజు పొద్దున్న అమ్మకి సాయం చేసి సెంటరుకి వెళ్ళాను. సబ్బుతో చేతులు ఎంత రుద్దుకున్నా వాసన పోలేదు. నేను కూర్చోగానే పక్కనున్న అమ్మాయి కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది. నాకు తలెత్తాలనిపించలేదు. మేడమ్ చూశారు. చూసి ఆ అమ్మాయిని ఏమీ అనలేదు. నా వెనక్కి వచ్చి నా చేతులు రెండూ తీసి కీబోర్డు మీద పెట్టి, "దీనికి ముక్కు లేదమ్మా. వేళ్ళుంటే చాలు దీనికి" అన్నారు. ఆ తర్వాత ఆ గదిలో నేనెప్పుడూ చేతులు దాచుకోలేదు.

మాతో పాటు సన్యాసిరావు గారని ఒకాయన ఉండేవారు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేసేవారు. షాపు మూతపడింది. మాకందరికీ తండ్రి వయసు. మౌసు పట్టుకుంటే అది బల్ల చివరిదాకా పారిపోయేది, ఆయన దాని వెనకే ఒరిగిపోయేవారు. ఒకరోజు ఆయన చాలాసేపు ఒక్కొక్క అక్షరం ఏరుకుంటూ టైపు చేస్తుంటే ఏమిటా అని వెనక నిలబడి చూశాం. ఉద్యోగాలు వెతికే పెట్టెలో ఆయన రాస్తున్నది ఇదీ: గౌరవనీయులైన అయ్యగారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా. మేము ఫక్కుమన్నాం. మేడమ్ మావైపు ఒక్క చూపు చూసేసరికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

"సన్యాసిరావు గారూ, ఆ పెట్టె వెనకాల మనిషి లేడండీ. దండం పెట్టినా దానికి కనబడదు. మీకు ఏం పని వచ్చో, ఏ ఊళ్ళో కావాలో రెండు ముక్కల్లో అడగండి."

"మరి మర్యాద అక్కర్లేదేటి మేడమ్? పని అడిగీటప్పుడు ఊరికే లేత్ మిషను, ఇసాపట్నం అంటే బాగుంతాదా?"

"మర్యాదంతా దాచుకోండి. ఫోనులో మనిషి దొరికినప్పుడు ఖర్చు పెడదాం" అన్నారు మేడమ్.

అడగందే అమ్మైనా పెట్టదని అందరూ అంటారు గానీ, ఎలా అడగాలో నేర్పినవాళ్ళు నాకు ఆవిడ ఒక్కరే. ఫోను పాఠమని ఆవిడ దగ్గర ఇంకొకటి ఉండేది. మమ్మల్ని ఈ గదిలో కూర్చోబెట్టి, తను పక్క గదిలోకి పోయి, సెంటరు ఫోనుకి తన ఫోను నుంచి చేసేవారు. మేము ఎత్తి, ఏదో కంపెనీ వాళ్ళు మాట్లాడుతున్నట్టే జవాబు చెప్పాలి. నా వంతు వచ్చింది. ఎత్తాను. "ఎవులూ?" అని ఒక్క కేక వేశాను. కింద ఉల్లిపాయల కొట్టులో గుమస్తా కూడా తలెత్తి చూశాడట. ఏం చెయ్యను? మా ఇంట్లో ఫోనంటే బోటు ఇంజను మోతలోంచి నాన్న అరవడం, ఇక్కణ్ణుంచి మేము అంతకు రెట్టింపు అరవడం. ఫోనులో మెల్లిగా మాట్లాడొచ్చన్న సంగతే నాకు తెలీదు.

అవతలినుంచి మేడమ్ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "అమ్మా, నేను సముద్రంలో లేను. పక్క గదిలో ఉన్నాను. మెల్లిగా మాట్లాడు. ముందు నీ పేరు చెప్పు."

నా పేరు చెప్పడమంటే నాకు అదో చిరాకు. నూకరత్నం. కాలేజీలో రత్న అని చెప్పుకునేదాన్ని. మేడమ్ ఒప్పుకోలేదు. "మీ వాళ్ళు పెట్టిన పేరు మింగేస్తావెందుకు? పూర్తిగా పలుకు" అని పదేపదే చెప్పించారు. "నూకరత్నం మాట్లాడుతున్నానండి" అన్న ఆ ఒక్క వాక్యం నాకు నాలిక మీద నిలబడేసరికి ఎండాకాలం సగం గడిచిపోయింది.

నేను దరఖాస్తులు పంపడం మొదలుపెట్టింది వేట నిషేధం రోజుల్లో. ఏటా ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ ఒడ్డునే కట్టేస్తారు. పేటలో మగవాళ్ళంతా వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టునే ఉంటారు. దరఖాస్తులో ఫోను నంబరు దగ్గర నేను నాన్న నంబరు రాశాను. నాకు వేరే చిన్న ఫోను ఉండేది, కానీ ఆడపిల్ల నంబరు బయటివాళ్ళకి ఇవ్వడం మా పేటలో లేదు. రేషన్ కార్డుకైనా, ఆసుపత్రికైనా నాన్న నంబరే. అది తప్పని నాకు తోచలేదు. నాన్న రోజంతా కళ్ళెదుటే ఉన్నాడు, ఫోను ఆయన చొక్కా జేబులో ఉంది, ఎప్పుడు మోగినా "నీకేనే గుంటా" అని ఇచ్చేవాడు. మేడమ్ కూడా అన్ని గడులూ నిండాయా లేదా అని చూశారు గానీ, ఆ అంకెల గురించి అడగలేదు.

నిషేధం ఎత్తేశారు. బోటుకి పూజ చేసి, ఐసు నింపుకుని, నాన్నా మావయ్యా వేటకి వెళ్ళిపోయారు. ఒడ్డు కనబడకుండా పోతే సిగ్నలూ ఉండదు, ఫోనూ మోగదు. ఇది పుట్టినప్పటినుంచీ నాకు తెలిసిన సంగతే. అయినా దరఖాస్తుకీ దీనికీ ముడి ఉందని నా బుర్రకి తట్టలేదు. పోర్టు దగ్గరే, మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక సరుకుల రవాణా ఆఫీసు ఉంది. దానికి పంపిన దరఖాస్తు మీదే నా ప్రాణమంతా. రోజూ సెంటరుకి వెళ్ళి మెయిలు తెరిచి చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు.

బోటు తిరిగొచ్చిన రోజు నాన్న సంబరంగా ఇంటికొచ్చాడు. వేట బాగా పడింది. "ఒడ్డు కనబడీసరికి ఫోను టింగు టింగుమని ఒకటే గోల. ఎవులో నీకోసం సేసినట్టున్నారు, సూడు" అని ఫోను నా చేతిలో పెట్టాడు. అదే ఆఫీసు. మళ్ళీ మళ్ళీ చేశారు. చివరికి ఒక మెసేజి పెట్టారు, ఫలానా రోజు ఇంటర్వ్యూకి రమ్మని. ఆ రోజు వెళ్ళిపోయి వారం అయింది. వెంటనే ఫోను చేశాను. అవతలి ఆవిడ పాపం మర్యాదగానే చెప్పింది, ఆ ఉద్యోగంలో వేరే అమ్మాయి చేరిపోయిందని. నాన్న ఇంకా నవ్వుతూనే నిలబడి ఉన్నాడు. "ఏటన్నారే?" అన్నాడు. నేను చెప్పలేక గోడవైపు తిరిగి ఏడ్చాను.

మర్నాడు సెంటరులో మేడమ్‌కి చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు చెప్పి ఏం లాభమని నేననుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి మెడలోకి వదిలేశారు. నన్ను తిడతారనుకున్నాను. "ఇది నా తప్పమ్మా. గడి నిండిందా అని చూశాను గానీ, ఈ నంబరు ఎవరి జేబులో ఉంటుంది అని అడగలేదు" అన్నారు. అని లేచి, చెప్పులు వేసుకుని, "పద, మీ నాన్న దగ్గరికి" అన్నారు.

ఆవిడ పుట్టి పెరిగింది వన్ టౌన్‌లోనే. హార్బరు అక్కడికి కూతవేటు దూరం. అయినా జెట్టీ మీద కాలు పెట్టడం ఆవిడకి అదే మొదటిసారి. పూర్తి శాకాహారి పాపం. గంజి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఐసు నీళ్ళు దాటుకుంటూ, చేపల గుట్టల మధ్యనుంచి ముక్కు కూడా మూసుకోకుండా నడిచారు. ఆడవాళ్ళంతా పని ఆపి "ఎవులమ్మా ఈయమ్మ?" అని చూస్తున్నారు. నాన్న వల కుట్టుకుంటున్నవాడల్లా లేచి, లుంగీ దించుకుని, ఎక్కణ్ణుంచో ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాడు. మేడమ్ కూర్చోలేదు.

"నాయనా, మీ అమ్మాయికి రావలసిన ఉద్యోగం చేజారింది. అందులో మీ తప్పు లేదు, పిల్ల తప్పూ లేదు. నేను చూసుకోవలసింది."

"అయ్యో, అదేటి మేడమ్‌గారూ! నాను గంగలో ఉన్నాను, సిగ్నలు లేదు. మీరేటి సేత్తారు?"

"అయితే ఇకమీదట పిల్ల నంబరే రాద్దాం."

నాన్న మొహం ముడుచుకుపోయింది. "అది కుదరదండి. ఆడపిల్ల నంబరు పదిమందికి ఎల్తే ఎవుడుబడితే ఆడు ఫోను సేత్తాడు. మా పేటలో అలాటిది లేదండి."

మేడమ్ వాదించలేదు. కళ్ళజోడు పెట్టుకుని మా బోటు వైపు చూశారు. ముందు భాగం మీద నీలం రంగులో, మనిషి ఎత్తున రాసి ఉంది నా పేరు. నేను పుట్టినప్పుడు పాత తెప్ప మీద రాయించాడట నాన్న. బోటు కొన్నాక దానికీ అదే పేరు పెట్టాడు.

"అది ఎవరి పేరు?"

"మా గుంటదేనండి" అన్నాడు నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"హార్బరంతా చదువుతోంది కదా నాయనా. ఎక్కడెక్కడి రేవుల వాళ్ళో కూడా చదువుతున్నారు. దానివల్ల మీ పిల్లకేమైనా తక్కువైందా?"

"అది ఏరండి. అది మరి గౌరవం కదండి."

"ఇది కూడా అంతే. దరఖాస్తు మీద దాని పేరుంటే, దాని ఫోనే మోగాలి. పేరు దానిది, నంబరు మీది అయితే పిలిచినవాళ్ళకి పలికేదెవరు?"

నాన్న తల గోక్కుంటూ నిలబడ్డాడు. బోటు మీదనుంచి మావయ్య పకపకా నవ్వాడు. "బావా, మేడమ్‌గారు వల ఏసీసినారు. ఇంక నువ్వు తప్పించుకోలేవు!"

"నువ్వూరుకోరా" అని కసిరి, నాన్న మేడమ్ వైపు తిరిగాడు. "మరి ఎవుడైనా తిక్కగా మాటాడితేనండీ? అప్పుడు మీరొత్తారేటి?"

"వస్తాను. ఇవాళ రాలేదూ? వాణ్ణి తెలుగులో తిడతాను, చాలకపోతే ఇంగ్లీషులో కూడా తిడతాను."

నాన్న నవ్వేశాడు. నావైపు తిరిగి అన్నాడు, "సరే. ఫోను నీదే రాసుకో. కానీ మోగితే నువ్వే మాటాడాల. బెదిరిపోయి మీ అమ్మకి ఇచ్చీకు."

బయల్దేరబోతుంటే అమ్మ పరుగున వచ్చి, ఆకులో చుట్టిన పెద్ద వంజరం చేప ముక్కలు మేడమ్ చేతిలో పెట్టింది. నేను వద్దని చెప్పేలోపే ఆవిడ తీసుకుని, "చల్లగా ఉండమ్మా" అన్నారు. ఆటోలో దాన్ని చెయ్యి చాపి, బయటికి పెట్టి పట్టుకున్నారు. "తినరు కదా మేడమ్, ఎందుకు తీసుకున్నారు?" అంటే, "వద్దంటే మీ అమ్మ నొచ్చుకోదూ? కీబోర్డుకి ముక్కు లేదన్నాను గానీ, నాకుందమ్మా. ఆ ఆటో అబ్బాయిని కొంచెం తొందరగా పొమ్మను" అన్నారు. ఆ రాత్రి సన్యాసిరావు గారింట్లో వంజరం పులుసు. మర్నాడు ఆయన మేడమ్‌కి ఒకటికి రెండుసార్లు నమస్కారం పెట్టారు.

ఆ మర్నాటినుంచి సెంటరులో కొత్త పద్ధతి వచ్చింది. ఎవరు దరఖాస్తు పూర్తిచేసినా పంపే ముందు మేడమ్ వెనక నిలబడి అడిగేవారు, "ఈ నంబరు ఎవరి జేబులో ఉంటుంది?" అని. ఎన్ని రకాల జవాబులు వచ్చేవో! అన్నయ్య జేబులో, ఎదురింటి అంకుల్ జేబులో, హైదరాబాదులో ఉన్న చిన్నాన్న జేబులో. "మాకు జేబులెక్కడివి మేడమ్?" అని ఒకసారి నేను వేళాకోళమాడితే, "అందుకేనమ్మా అడుగుతున్నది" అన్నారు.

వానలు పడుతున్న రోజుల్లో, అమ్మతో కలిసి తడిసిపోతున్న చేపల మీద పరదా కప్పుతుంటే నా ఫోను మోగింది. తెలియని నంబరు. చేతులు చున్నీకి తుడుచుకుని ఎత్తాను. "నూకరత్నం మాట్లాడుతున్నానండి" అన్నాను. గాజువాకలో ఒక రవాణా కంపెనీ. రేపు రాగలరా అని అడిగారు. వస్తానండీ అని, వివరాలన్నీ అడిగి, థాంక్స్ చెప్పి పెట్టేశాను. అమ్మ పరదా వదిలేసి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఏటైందే నీకు? గొంతే లేవట్లేదు, జొరమేటి?" అంది. అంత మెల్లిగా నేను మాట్లాడగా అమ్మ అంతకుముందు విని ఎరగదు.

దీపావళికి ఇంకా చాలా రోజులుండగానే ఉద్యోగంలో చేరాను. వచ్చిన దరఖాస్తులు చూసి, పనికొచ్చేవాళ్ళకి ఫోన్లు చేసి పిలవడం నా పని. ఆ మాట చెప్పడానికి సెంటరు మెట్లు ఎగురుకుంటూ ఎక్కాను. మేడమ్ నా తల మీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకుని, వెంటనే మామూలు గొంతుతో, "రేపటినుంచి నువ్వు ఫోనుకి అవతలివైపు మనిషివి. ఎత్తనివాళ్ళ మీద విసుక్కోకు. ఎందుకు ఎత్తలేదో నీకు తెలుసు" అన్నారు.

కొన్నేళ్ళకి ఆ మేడ చేతులు మారింది. మేడమ్ సెంటరు మూసేసి దువ్వాడలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. ఎప్పుడు ఫోను చేసినా "విమల మాట్లాడుతున్నాను" అనేవారు, చివరి రోజుల్లో ఊపిరందనప్పుడు కూడా. "మీ పేరు ఫోనులో నాకు కనబడుతుంది కదా మేడమ్, ఎందుకీ శ్రమ?" అంటే, "నా పేరు నీకు వినబడాలి కదా" అన్నారు. ఆవిడ పోయారని తెలిసిన రోజు ఆఫీసులోనే, ఫ్యాను కింద నా కుర్చీలో కూర్చుని, సిగ్గుపడకుండా ఏడ్చాను. ఆ కుర్చీ ఆవిడ పెట్టిన భిక్షే. ఇది రాస్తుంటే కూడా కళ్ళు నిండుతున్నాయి.

నిన్న కరెంటు వచ్చాక శ్రావణి ఒక దరఖాస్తు పక్కన పెట్టేయబోయింది. "ఈ అమ్మాయికి పొద్దుటినుంచీ చేస్తున్నానక్కా. అందుబాటులో లేరంటోంది. తర్వాత పేరు చూద్దామా?" అంది. తీసుకుని చూశాను. చిరునామా మా పేట. వేట నిషేధం ముగిసి బోట్లు వెళ్ళి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. నాకు నవ్వూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. నాన్నకి ఫోను చేశాను. మోకాళ్ళ నొప్పులతో ఆయన వేట మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఆ అమ్మాయి పేరు చెప్పగానే, "ఎల్లమ్మ మనవరాలేటి? తెలుసు. ఉండు, బేగి ఎల్తాను" అన్నాడు. ఆ మోకాళ్ళతో బేగి ఎలా వెళ్తాడో!

కాసేపటికి నాన్న నంబరునుంచి ఫోను వచ్చింది. గాలి హోరు, కుక్కల అరుపులు, మధ్యలో నాన్న గొంతు. "ఇదుగోనమ్మా, నీకే ఫోను. నువ్వే మాటాడు, బెదిరిపోకు." ఆ వెంటనే, శ్రావణి ఉలిక్కిపడి నావైపు తిరిగేంత గట్టిగా, ఒక కేక.

"ఎవులూ?"

"అమ్మా, నేను సముద్రంలో లేను. గాజువాకలో ఉన్నాను. మెల్లిగా మాట్లాడు. ముందు నీ పేరు చెప్పు."

ఈసారి చిన్న గొంతుతో పేరు చెప్పింది. ఇంటర్వ్యూ ఎప్పుడో, ఎక్కడికి రావాలో చెప్పి అడిగాను, "నువ్వు దరఖాస్తులో రాసిన నంబరు ఎవరి జేబులో ఉందమ్మా?"

"మా నాన్నదండి. ఏటకెల్లినాడు."

"నీకు ఫోను లేదా?"

"ఉందండి. కానీ..." అని ఆగిపోయింది.

నేను నోరు తెరిచేలోపే, దూరంనుంచి నాన్న గొంతు వినబడింది. "నీ నంబరే సెప్పీ తల్లీ. ఏటీ కాదు. ఎవుడైనా తిక్కగా మాటాడితే నానొత్తాను."